లైను చివర గుటక

ఆ రోజుల్లో అందరికీ ఆకలి కడుపులో పుడితే, నాకు మాత్రం చెవిలో పుట్టేది. తిరుపతిలో మాది వైష్ణవుల ఇల్లు. పెరుమాళ్ళకు ఆరగింపు కానిదే మెతుకు ముట్టకూడదు. తాతయ్య తెర వేసి, లోపల పులిహోర పెట్టి గంట వాయిస్తుంటే, తెర ఇవతల పిల్లలం వాసన పీలుస్తూ కూర్చునేవాళ్ళం. గంట ఆగిందంటే చేతిలో ప్రసాదం. ఏళ్ళ తరబడి ఇలా జరిగేసరికి ఏ గంట విన్నా నా నోట్లో నీళ్ళూరేవి (బళ్ళో లెక్కల పీరియడ్ గంటకు కూడా, నాకు లెక్కలంటే ప్రాణమని మేష్టారు భ్రమపడ్డారు).

అసలు చిక్కు టైపు నేర్చుకునేటప్పుడు మొదలైంది. లైను చివరికి రాగానే టైపు మిషను టింగుమంటుంది కదా! టింగు, గుటక. టింగు, గుటక. గదిలో అన్ని మిషన్లూ ఒకేసారి మోగుతుంటే నా గతి ఆలోచించండి. ఎలాగో పాసయ్యాను గానీ, ఉద్యోగానికి వెళ్ళిన రెండు చోట్లా తిప్పి పంపారు. "ఈసారీ రాకపోతే ఇంగ సాలమ్మా. టైపూ వద్దు, గీపూ వద్దు, ఇంట్లో ఉండు" అని నాయన తేల్చేశారు. నాకు ఇంట్లో ఉండాలని లేదు.

చిత్తూరులో పరీక్ష. నుదుట నామం పెట్టుకున్న ఆఫీసరు గారు వచ్చి నా వెనకే నిలబడ్డారు. ప్రతి టింగుకూ దొంగచాటుగా మింగుతున్నాను. పేజీ సగంలో ఆయన నా పేరు అడిగారు. సరిగ్గా అప్పుడే టింగుమంది. నోటినిండా నీళ్ళు. పెదవులు బిగించి, గుడ్లప్పగించి చూశాను.

"ఏమ్మా, వొంట్లో బాగుండ్లేదా?"

ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. ఏడుపు ఆగలేదు. గంట, తెర, పులిహోర, ఉన్నదంతా చెప్పేశాను. పక్కనున్న గుమాస్తా కిసుక్కుమన్నాడు. ఆఫీసరు గారు నవ్వలేదు.

"ఇంగో లైను కొట్టు, సూస్తాం" అన్నారు.

కొట్టాను. టింగు. ఆయన గొంతుముడి పైకెక్కి కిందికి దిగింది.

"మా ఇంట్లో గూడా ఇదే కతమ్మా" అన్నారు మెల్లగా. "అందుకే ఈ రూములోకి ఊరికే రాను."

ఉద్యోగం వచ్చింది. (నామం నామాన్ని చూసి ఇచ్చిందన్నవాళ్ళున్నారు. తప్పుల్లేకుండా కొట్టాను కాబట్టి వచ్చిందని నేనంటాను.)

కొన్నాళ్ళకు ఐరాల నుంచి ఒక రైతుల అమ్మాయి కొత్తగా చేరింది. ఆరగింపూ, తెరా ఏమీ ఎరగదు. నా పక్కనే కూర్చుని పని నేర్చుకునేది. ఒకరోజు చూద్దును కదా, లైను అయిన ప్రతిసారీ ఆ పిల్లా గుటక వేస్తోంది! ఎందుకే అని అడిగాను.

"నువ్వు ఏస్తా ఉండావు కదక్కా! అట్లేస్తే తప్పులు పడవేమో అనుకొన్నా" అంది.

కాదని చెప్పడానికి మనసొప్పలేదు. నిజంగానే ఆ పిల్లకు తప్పులు తగ్గాయి మరి. పరీక్ష గదిలో సిగ్గుతో చచ్చిపోయి ఏడ్చిన ఆనాటి నాకు "నీ గుటక చూసి రేపొక పిల్ల పని నేర్చుకుంటుందే" అని ఎవరైనా వెళ్ళి చెబితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.