నిమ్మకాయల దగ్గర ఆగిపోయిన నిపుణుడు

1981 వసంతకాలంలో న్యూజెర్సీలోని ఒక పజిల్ పత్రికల కంపెనీలో నన్ను ప్రూఫ్ రీడర్ నుంచి అసిస్టెంట్ ఎడిటర్‌ని చేశారు. హోదా వినడానికి బాగానే ఉంది గానీ నా కింద ఎవరూ లేరు, పైన మాత్రం అందరూ ఉన్నారు. నాకు అప్పగించిన పని బ్రిటిష్ పద్ధతి క్రాస్‌వర్డ్ క్లూలను అచ్చుకు ముందే విప్పి చూడడం, ఆ జవాబు ఎలా వచ్చిందో పత్రిక చివరి పేజీల్లో పాఠకులకు వివరించడం.

అమెరికన్ క్రాస్‌వర్డ్‌లో క్లూ సూటిగా ఉంటుంది. నది పేరు అడిగితే నది పేరే రాయాలి. బ్రిటిష్ పద్ధతి అలా కాదు. అందులో ప్రతి క్లూకీ రెండు భాగాలు. ఒకటి జవాబుకు అర్థం చెబుతుంది, రెండోది ఆ జవాబును అక్షరాలతో ఎలా తయారు చేసుకోవాలో చెబుతుంది. రెండూ కలిసి పైకి మామూలు వాక్యంలాగే కనబడతాయి. ఒకటి ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో కనిపెట్టడమే ఆట. మా చీఫ్ ఎడిటర్ మార్జరీ అంతకుముందు స్కూల్ టీచరు. ఈ ఆటను అమెరికా పాఠకులకు నేర్పి తీరాలని పట్టుబట్టి ఒక పత్రికలో నాలుగు పేజీలు సంపాదించింది. క్లూలు ఇంగ్లండ్ నుంచి పోస్టులో వచ్చేవి. మార్జరీ కాక వాటిని విప్పగలిగినవాడు ఆఫీసులో నేనొక్కణ్ణే.

గుంటూరులో కాలేజీ రోజుల నుంచీ ఇంగ్లిష్ పేపర్లో క్రాస్‌వర్డ్ నింపే పిచ్చి నాకుంది. అది చూసి మార్జరీ నన్ను తీసుకుంది. ఆఫీసులో మిగతావాళ్ళు మాత్రం నేను ఇంగ్లండ్‌లో చదువుకుని వచ్చాననుకున్నారు. నేను ఇంగ్లండ్‌ని చూసింది విమానం మారేటప్పుడు ఎయిర్‌పోర్ట్ కిటికీలోంచి, అదీ వానలో. అయినా బ్రిటిష్ వాళ్ళు కప్పులో పాలు ముందు పోస్తారా టీ ముందు పోస్తారా అని ఎవరైనా అడిగితే, లండన్‌లో మా తాతలకి టీ కొట్టు ఉన్నట్టు జవాబు చెప్పేవాణ్ణి. ఆ డాబుకి నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

వివరణ రెండు లైన్లు దాటకూడదని నియమం. నేను పేజీలో సగం రాసేవాణ్ణి. క్లూలో క్రికెట్ మాట వస్తే ఆట పుట్టుక దగ్గర్నుంచి ఎత్తుకునేవాణ్ణి. మార్జరీ ఎర్ర పెన్సిల్ పట్టుకుని కోసి కోసి అలిసిపోయేది. కొన్ని నెలలకు పాఠకుల ఉత్తరాలు రావడం మొదలైంది. జవాబు అర్థమైంది గానీ వివరణే అర్థం కాలేదని వాటి సారాంశం. అమెరికన్లకు ఓపిక తక్కువని నేను తీర్మానించేశాను.

వేసవి చివర్లో మార్జరీ గదిలోకి పిలిచి సంగతి చెప్పింది. మా పత్రికలను దుకాణాలకు చేర్చే డిస్ట్రిబ్యూటర్లు ఆ నాలుగు పేజీలూ తీసేయమంటున్నారట. అక్టోబరులో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో ఒక హోటల్లో వాళ్ళ మీటింగ్ ఉంది. అక్కడ నేను నిలబడి, ముందుగా చూడని క్లూలను వాళ్ళ ఎదుటే విప్పి చూపించాలి. వాళ్ళకి నచ్చితే పేజీలుంటాయి, లేకపోతే కొత్త సంవత్సరం నుంచి ఉండవు. పేజీలు పోతే నా పోస్టు పోతుంది. కంపెనీ నా గ్రీన్ కార్డ్‌కి అప్లై చేసిందే ఆ పోస్టు చూపించి. నా భార్య సుగుణకి తన వీసా మీద ఉద్యోగం చేసే వీలు లేదు. ఎడిసన్‌లో మా అపార్ట్‌మెంటు, మా కాపురం అన్నీ ఆ నాలుగు పేజీల మీద నిలబడి ఉన్నాయని ఆ రోజు తెలిసింది.

ప్రాక్టీసు కావాలి కదా, దానికి మా చర్చి దొరికింది. అప్పట్లో నెలకోసారి ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో తెలుగు ఆరాధన జరిగేది. తర్వాత అందరం తెచ్చుకున్న వంటలు పంచుకుని తినేవాళ్ళం. నేను ప్లేటు పట్టుకున్నవాడి పక్కన చేరి ఒక క్లూ వేసేవాణ్ణి. అతను ఆలోచించేలోపే జవాబు చెప్పేసి, అది ఎంత తేలికో ఊదరగొట్టేవాణ్ణి. రెండో నెలకి నేనొస్తుంటే జనం ప్లేట్లతో సహా పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు.

"ఏమండీ, వాళ్ళు అన్నం తినడానికి వచ్చారు, పరీక్ష రాయడానికి కాదు" అని సుగుణ మందలించింది.

అందరిలోకి పెద్దవారు ప్రభుదాసు గారు, రిటైరైన కెమిస్టు. ఆయన మోకాళ్ళ నొప్పుల వల్ల లేచి పారిపోలేకపోయారు. ఓపిగ్గా అంతా విని ఒక్కటే అడిగారు.

"ఏమయ్యా రత్నం, జవాబు నీకు ముందే తెలిసిపోతే ఇంక నన్నెందుకు అడుగుతున్నావు?"

పెద్దాయనకి ఆట పట్టుబడలేదని జాలిపడ్డాను.

షామ్‌బర్గ్ హోటల్ హాల్లో డిస్ట్రిబ్యూటర్లు మధ్యాహ్నం భోజనం దట్టించి కూర్చున్నారు. వేదిక మీద ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్, దాని మీద పారదర్శకంగా ఉండే షీటు, నా చేతిలో స్కెచ్ పెన్ను. షీటు మీద ఏం రాస్తే అది వెనక గోడ మీద ఇంత లావున పడుతుంది. మార్జరీ క్లూలను కవర్లలో పెట్టి సీలు వేసి తెచ్చింది.

మొదటి కవర్లో ఆరు బంతుల గురించి, అయిపోవడం గురించి ఒక చిన్న క్లూ ఉంది. నాలుగక్షరాల జవాబు. మనవాళ్ళలో ఎవరినడిగినా 'ఓవర్' అంటారు. చూసీ చూడగానే రాసేశాను. చప్పట్ల కోసం ఆగాను. ఎవరూ కదల్లేదు. నీకెలా తెలిసిందని ముందు వరుసలోంచి ఎవరో అడిగారు. తెలిసిపోతుందన్నాను. అది చాలలేదని గ్రహించి క్రికెట్ ఎత్తుకున్నాను. బౌలర్ ఎవరో, ఆరు బంతులయ్యాక అటువైపు ఎందుకు మారతారో బొమ్మ గీశాను. ఆట మధ్యలో టీ తాగడానికి ఆగుతారన్న మాట నిజమేనా అని ఒకాయన అడిగాడు. నిజమే అన్నాను. ఆయన పక్కాయన కళ్ళు మూసుకున్నాడు.

రెండో కవరు విప్పాను. ఆ క్లూని తెలుగులో చెప్పాలంటే, "నలిగిన నిమ్మకాయలు, గంభీరం", ఆరక్షరాలు. ఇది మరీ తేలిక. నలిగిన అంటే అక్షరాలను కలిపేయమని సూచన. ఇంగ్లిష్‌లో నిమ్మకాయలు అంటే 'లెమన్స్', సరిగ్గా ఆరక్షరాలు. వాటిని తారుమారు చేస్తే జవాబు. నా చెయ్యి నాకన్నా ముందు పరిగెత్తింది. 'మెలన్స్', అంటే ఖర్బూజాలు, అని పెద్దక్షరాలతో రాసి, అవే ఆరక్షరాలు చూడండి అన్నట్టు జనం వైపు తిరిగాను.

ఇండియానా నుంచి వచ్చిన వాల్ట్ అనే భారీ మనిషి చెయ్యెత్తాడు.

"మరి ఖర్బూజాల్లో గంభీరం ఏముంది?"

వెనక్కి తిరిగి గోడ మీద చూశాను. ఏమీ లేదు. క్లూలో సగం చదివి సగం వదిలేశాను. కాలేజీ కుర్రాడు కూడా చెయ్యని పొరపాటు. దాన్ని కొట్టేసి ఇంకోటి రాద్దామంటే ఇంకోటి తోచదే. ఆ అక్షరాలను ఎలా చూసినా ఖర్బూజాలే. ఎడిసన్‌లో అటక మీదున్న మా సూట్‌కేసులు గుర్తొచ్చాయి. నిజంగా భయం వేసింది. గుంటూరు తిరిగి వెళ్ళి, ఖర్బూజాల వల్ల వచ్చేశానని మా నాన్నకి ఎలా చెప్పడం?

దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. మొదట కనబడ్డ మాటకి ఆశపడి తప్పులో కాలేశాను, ఇప్పుడు దాని నుంచి బయటపడలేకపోతున్నాను, ఇలాంటప్పుడు మేం ఆ అక్షరాలను వరుసలో కాకుండా గుండ్రంగా రాసుకుంటాం, పాత మాట కళ్ళ ముందు నుంచి పోతుందని. ఆ ఆరక్షరాలనీ గుండ్రంగా రాశాను. గంభీరం అనే అర్థం కావాలి, బహుశా ఎస్‌తో మొదలెట్టి చూద్దాం అన్నాను. వెనక బల్ల నుంచి ఎవరో చివర ఎన్ పెట్టమన్నారు. ఇంకెవరో వద్దన్నారు. ఒక మాట అతికించి చూస్తే అర్థం లేదు, కొట్టేశాను. ఇంకోటీ అంతే. కళ్ళు మూసుకున్నాయన కళ్ళు తెరిచి, నాప్‌కిన్ మీద తను కూడా గుండ్రంగా రాసుకుంటున్నాడు. నేను చెమటలు కక్కుతుంటే హాలంతా నా మీద జాలితోనో, ఖర్బూజాల మీద కోపంతోనో ముందుకి వంగింది.

చివరికి వాల్టే లేచి 'సాలెమ్' అన్నాడు. గంభీరం. చివర పైకి పలకని ఎన్‌తో సహా ఆరక్షరాలూ సరిపోయాయి. లాటరీ కొట్టినవాడిలా బల్ల మీద చరిచాడు.

"ఇంకోటి వెయ్యి" అన్నాడు.

ఆ మధ్యాహ్నం మార్జరీ తెచ్చిన కవర్లన్నీ అయిపోయాయి. నేను తేలిగ్గా విప్పినప్పుడల్లా వాళ్ళు కాఫీ కోసం లేచారు. ఇరుక్కున్నప్పుడల్లా తిరిగొచ్చి కూర్చున్నారు. అదృష్టం కొద్దీ చాలాసార్లు ఇరుక్కున్నాను. సాయంత్రానికి నాలుగు పేజీలూ ఉండనివ్వమన్నారు.

సోమవారం ఆఫీసులో మార్జరీ నన్ను మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. పని పద్ధతి మార్చింది. ఇకపై ప్రతి క్లూ ముగ్గురి చేతికి వెళుతుంది. నేను కాక ఇంకో ఇద్దరిని తను పాఠాలు చెప్పి తయారుచేస్తుంది. ముగ్గురూ విడివిడిగా విప్పాలి. ఎవరు ఎక్కువసేపు ఇరుక్కున్నారో వాళ్ళే దాని వివరణ రాయాలి, అదీ తాము మొదట ఏ తప్పుదారిలో వెళ్ళారో దాంతో మొదలుపెట్టి.

"నీకు తేలిగ్గా వచ్చింది నువ్వు రాయొద్దు రత్నం. నువ్వు తన్నుకులాడింది రాయి" అంది.

ఆ తర్వాతి ఆరాధనకి నేను కూడా ఇంకా విప్పని క్లూ ఒకటి పట్టుకెళ్ళి ప్రభుదాసు గారి పక్కన కూర్చున్నాను. ఇద్దరికీ తెగలేదు. పార్కింగ్ లాట్‌లోంచి ఒక్కొక్కరే లోపలికొచ్చి చుట్టూ చేరారు. గ్రీన్ కార్డ్ మరుసటేడు వచ్చింది. సుగుణ నిమ్మకాయ ఊరగాయ సీసాలో పెట్టి, ఆఫీసులో ఆవిడకిచ్చి రండి అంది.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇదీ: చూడగానే తెలిసిపోయినదాన్ని ఎదుటివాడికి చెప్పే అర్హత నాకు లేదు, ఎందుకంటే ఆ దారిలో నేను నడవలేదు. ఈ పద్ధతి నేను రిటైరయ్యేదాకా నడిచింది. వీడ్కోలు సభలో కొత్త ఎడిటర్, కంపెనీ చరిత్రలో అందరికన్నా ఎక్కువ వివరణలు రాసింది రత్నమే అని ప్రకటించాడు. కొత్తవాళ్ళు గౌరవంగా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నియమం తెలిసిన పాతవాళ్ళు మాత్రం కుర్చీల్లో కూర్చునే, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతూ కొట్టారు.