మూత తీయొద్దన్న చాచా

నా చిన్నప్పుడు మోటారు బండిని చల్లబరచడమంటే రేడియేటర్‌లో నీళ్లు పోయడమే. లోపల కూర్చున్నవాళ్లకు చెమట పడితే వాళ్లే తుడుచుకునేవారు. ఇప్పుడు నా మనవరాలు ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డు మీద, కార్ల ఏసీలు బాగుచేసే షాపు నడుపుతోంది. నేను పొద్దున్నే వెళ్లి అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నోటితో తప్ప నేను చేసే పనేమీ లేదు. గ్యాస్ నింపే ముందు ఆ పిల్ల పైపులు తడిమి, లోపలి ఒత్తిడి చూసి, ఇప్పుడే విప్పొద్దు అన్నప్పుడల్లా నాకు మా పక్కింటి చాచా గుర్తొస్తాడు.

చాచా వయసులో ఉండగా ఎవరో జాగీర్దారు కారు నడిపాడు. చూపు తగ్గాక ఊరికి వచ్చి, ఆగిపోయిన బస్సులకూ లారీలకూ మరమ్మతు చేసేవాడు. మా ఇంటికీ ఆయన ఇంటికీ నడుమ ఒకటే గోడ. మా పొయ్యి మీద ఏం కూర ఉడుకుతోందో వాసన చూసి చెప్పేవాడు. తప్పు చెబితే మా నాయనమ్మ రోజంతా ఆటపట్టించేది.

పోలీసు చర్యకు ముందటి ఎండాకాలం అది. రజాకార్ల రోజులు. నాకు తొమ్మిదేళ్లు. మా అమ్మ నిండు నెలలతో మంచాల అనే ఊళ్లో, పుట్టింట్లో ఉంది. ఒక మధ్యాహ్నం రజాకార్ల లారీ ఆవిర్లు కక్కుతూ వచ్చి మా వాడ ముందు ఆగిపోయింది. తుపాకులతో పదిమంది దాకా దిగారు. మంచాలలో నిజాం మీద తిరగబడ్డ సంఘంవాళ్లకు అన్నం పెట్టారని, ఆ ఇళ్లు తగలబెట్టడానికి పోతున్నామని గట్టిగానే చెప్పుకున్నారు. వాడలో తలుపులన్నీ టపటపా మూసుకున్నాయి. బావి దగ్గర నీళ్లు చేదుకుంటున్న నేను ఒక్కదాన్నే బయట మిగిలిపోయాను. ఒకడు నా జడ పట్టుకుని, బిందెతో సహా లారీ దగ్గరికి ఈడ్చుకొచ్చాడు. మా అమ్మ ఉన్న ఊరికి నిప్పు పెట్టబోయే బండికి నేను నీళ్లు మోయాలన్నమాట.

చాచాను ఇంట్లోంచి లాక్కొచ్చారు. తమ మతంవాడే కదా అని మొదట మర్యాదగానే మాట్లాడారు. ఆయన బండి చూసి, నీటి గొట్టం చీలిందని, రేడియేటర్‌లో మిగిలిన నీళ్లు మరుగుతున్నాయని, రెండు గంటలు చల్లారేదాకా మూత తీయొద్దని చెప్పాడు. వాళ్ల నాయకుడికి పాతికేళ్లు కూడా ఉండవు. నవ్వాడు. చాచా మళ్లీ అదే చెప్పాడు. చెంప మీద కొట్టారు. పెదవి చిట్లి నెత్తురు గడ్డంలోకి కారింది. మంచాలవాళ్లు పారిపోవాలనే ఈ ముసలాడు ఆలస్యం చేస్తున్నాడంటూ నాయకుడు చేతికి గుడ్డ చుట్టుకున్నాడు. చాచా మూడోసారి చెప్పి, కాలుతున్న ఆ మూత మీద కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. తుపాకీ మడమ ఆ చేతి మీద దిగింది. ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినబడింది.

నాయకుడు మూత తిప్పాడు. మరిగే నీళ్లు ఒక్కసారిగా ఎగజిమ్మి వాడి ముఖాన పడ్డాయి. అలాంటి కేక నేను మళ్లీ వినలేదు. ఇంకొకడు కంగారులో నా బిందె గుంజుకుని చల్లటి బావినీళ్లు దబదబా పోసేశాడు. ఇంజిన్ పగులుతుంది, వద్దు వద్దని చాచా అరుస్తూనే ఉన్నాడు. లోపల ఇనుము టప్పుమంది. లారీ పని అయిపోయింది.

అప్పుడు చాచాను నేల మీద పడేసి బూట్లతో తొక్కారు. ఒకడు ఆయన ఛాతీకి తుపాకీ ఆనించాడు. ముఖం మీద తోలు ఊడి వేలాడుతున్న ఆ నాయకుడే వాణ్ణి ఆపాడు. "ఛోడో... బుడ్డే నే బోలా థా," అన్నాడు. వదిలేయండి, ముసలాయన ముందే చెప్పాడని. ఎవరిదో ఎడ్లబండి లాక్కుని, అతన్ని అందులో వేసుకుని అందరూ పట్నం దారి పట్టారు. ఆ రోజు మంచాల తగలబడలేదు.

నేను ఏడుస్తూ చాచా పక్కన కూలబడ్డాను. నాకు ఆయన మీదే కోపం వచ్చింది. "వానికెందుకు చెప్పినవ్ చాచా? కాలితె కాలనీ అనకపోయినవ్?" అని అడిగాను.

"కాలినంక చెప్తె ఏం ఫాయిదా బిడ్డా? తెలిసినోడు ముందుగాల చెప్పాలె. దుష్మన్‌కైనా చెప్పాలె," అన్నాడు. ఆ నెత్తుటి పెదవితోనే నవ్వాడు. "రెండు గంటలు ఆగుమన్నది నిజమే. గా రెండు గంటల్ల ఎవలన్న ఉరికి మంచాలకు ఖబర్ చెప్తరనుకున్న. గదీ నిజమే."

ఇంట్లోకి వచ్చి చూసిందంతా నాయనమ్మకు చెప్పాను. ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వేం చూడలే. ఎవలడిగినా గట్లనే చెప్పు," అంది. భయం మరి. నేనూ ఆ మాటే పట్టుకున్నాను.

వానాకాలం చివర్లో పోలీసు చర్య జరిగింది. నిజాం లొంగిపోయాడు, రజాకార్లు పరారయ్యారు. వాళ్లు దొరకని కోపం తీర్చుకోవడానికి మావాళ్లు కర్రలు పట్టుకుని చాచా ఇంటి మీదికి వచ్చారు. అక్కడే నిలిచిపోయిన రజాకార్ల లారీని వాళ్ల కోసం బాగుచేసి పెట్టాడన్నది నేరం. కాదని ఆయన చెప్పబోతే ఎవరూ విననేలేదు. అందరికంటే ముందున్నది మా చిన్నాయన. నేను మా గడపలో నిలబడి ఉన్నాను. ఆ రోజు జరిగింది కళ్లారా చూసినదాన్ని నేనొక్కదాన్నే. నాయనమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. మొదటి దెబ్బ చాచా వీపు మీద పడింది. నేను నోరు తెరవలేదు. రెండోది మోకాలి మీద పడింది. అప్పుడూ తెరవలేదు. మూడోది తలకు తగలకుండా ఆయన ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. అదీ విరిగింది. అప్పటికి గాని నేను అరవలేదు.

"చిన్నాయనా, బాగుచెయ్యలే! చాచా బాగుచెయ్యలే! లారీ పగిలింది, వచ్చి చూడు!"

పాడైన లారీ ఇంకా రోడ్డు పక్కనే పడి ఉంది. చిన్నాయనను చెయ్యి పట్టి లాక్కుపోయాను. గుంపంతా మా వెనకే వచ్చింది. ఇంజిన్ మీది పగులులో ఆయన వేలు పెట్టించి, జరిగిందంతా చెప్పాను. ఆయన కర్ర అక్కడే పడేసి, తిరిగి వచ్చి చాచా కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

చాచా బతికాడు. కుడిచెయ్యి రజాకార్లు విరిచారు, ఎడమచెయ్యి మావాళ్లు విరిచారు. మళ్లీ పానా పట్టలేకపోయాడు. కొన్ని నెలలు మా అమ్మ, మంచాలలో పుట్టిన తమ్ముణ్ణి చంకనేసుకుని, పూటపూటా పక్కింటికి పోయి ఆయనకు అన్నం కలిపి ముద్దలు తినిపించింది. కూర పేరు మాత్రం ఆయనే వాసన చూసి చెప్పేవాడు. ఎందుకు ఆలస్యం చేశావని నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నిన్న ఒక కారాయన ఆదిభట్లలో డ్యూటీకి టైమైందని తొందరపెట్టాడు. లీకేజీ సంగతి తర్వాత, ముందు గ్యాస్ నింపమన్నాడు. నింపినా నిలవదని నా మనవరాలు రెండుసార్లు చెప్పి, అతను గొంతు పెంచేసరికి ఊరుకుంది. నేను కుర్చీలోంచి లేచి, "ఇంకోసారి చెప్పు బిడ్డా," అన్నాను. నిజానికి అది చిన్న విషయమే. గ్యాస్ పోతే మళ్లీ నింపుకోవచ్చు. కానీ తెలిసీ ఊరుకోవడం నేను చూడలేను. నేనూ ఒకసారి ఊరుకున్నాను, మూడు దెబ్బలు పడేంతసేపు.