శౌరి ఎడమచెయ్యి

ముసురు పట్టిందంటే శౌరికి ఎడమచెయ్యి లాగుతుంది. మూడేళ్ల కిందట మాచర్ల దగ్గర నాపరాతి గనిలో తగాదా పడి మేస్త్రీ గురవయ్య పలుగుతో విరగ్గొట్టిన చెయ్యి అది. వంకరగా అతుక్కుంది. క్షమించి కేసు వదిలెయ్యమని చర్చి ఫాదర్ రెండుసార్లు ఇంటికొచ్చి చెప్పాడు.

"ఇరిగింది తమరి చెయ్యి కాదుగా ఫాదర్" అన్నాడు శౌరి.

భార్య పున్నమ్మ వెనక నిలబడి నవ్వింది. ఆమె పగ మొగుడి పగ కంటే పిడికెడు ఎక్కువే.

1961 ఆగస్టులో గురజాల కోర్టులో తీర్పు. ఆ రోజు తెల్లవారేసరికే శౌరికి నొప్పి మొదలైంది, భుజం నుంచి చిటికెనవేలి దాకా. బయట సన్నగా తుంపర.

"ఏందయ్యా ఆ చెమట?"

"ముసురు గదే. వాడి దెబ్బ పలకరిస్తంది. ఇయ్యాల వాడికి మూడింది."

"మంచిదే. మేజిస్ట్రేటు ముందర ఆ చెయ్యి పట్టుకునే నిలబడు."

బస్సులో నొప్పి దవడకెక్కింది. రెంటచింతలలో సిస్టరమ్మల ఆసుపత్రి ముందు బస్సు ఆగినప్పుడు పున్నమ్మ లేచింది.

"దిగుదామా?"

"దిగితే తీర్పు అందదు. వాడి మొహం మాడటం ఎవరు చూస్తారే, మీ నాయనా?"

పున్నమ్మ మళ్లీ కూర్చుంది. ఆ మొహం ఆమెకూ కావాలి. మూడేళ్లుగా రొట్టె తట్టినప్పుడల్లా దాన్నే తట్టింది.

పదకొండున్నరకు కేసు పిలిచారు. ఆరు నెలల కఠిన జైలుశిక్ష. గురవయ్య మొహం నిజంగానే మాడింది. శౌరి కళ్లారా చూశాడు. "ఇన్నావటే పున్నా!" అంటూ వరండా మెట్టు మీద కూలబడ్డాడు. నలుగురు మోసుకుంటూ ఊళ్లో ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం లేదు.

"నొప్పి ఎప్పట్నించమ్మా?" అనడిగాడు డాక్టరు.

"మూడేళ్ల నించి. గురవయ్య కొట్టిన కాడ్నించి. ఇయ్యాల తెల్లారేసరికే ఎక్కువైంది."

"ఇవాళ్టిది చేతినొప్పి కాదమ్మా, గుండెనొప్పి. చేతిలోకి పాకుద్ది. పొద్దున్నే తెచ్చుంటే..."

ఆ మాట పున్నమ్మను పూర్తిగా విననివ్వలేదు ఆమె మనసు. బస్సులో తాను తిరిగి కూర్చున్న సీటు కళ్ల ముందుకొచ్చింది. దాన్ని అవతలికి నెట్టి, కొంగు నడుముకు చుట్టి, కోర్టు వైపు నడిచింది.

"ఎక్కడికే తల్లీ?" అన్నారెవరో.

"ఆరు నెలలు చాలవు. ఈ చావు కూడా వాడిదేనని రాయిస్తా."