నీళ్ళ ట్యూబు పెట్టని రోజు

అమలాపురంలో రొయ్యల రోగాలు పరీక్షించే ల్యాబ్‌లో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేటప్పుడు నాకు పని నేర్పింది అక్కడి టెక్నీషియన్ గారు. ఆవిడ రోజూ పీసీఆర్ మిషన్‌కి కుంకుమ బొట్టు పెట్టేవారు. నాకు ఒళ్ళు మండేది.

"డీఎన్‌ఏకి కాపీలు తీసే మిషనండీ ఇది. బొట్టెందుకు దీనికి?"

"బొట్టు సంగతి తరవాత బాబూ. ముందా పిపెట్ టిప్పు మార్చు. ఇందాకటి శాంపిల్‌లో ముంచిందే మళ్ళీ ముంచుతున్నావు."

ప్రతిసారీ శాంపిళ్ళ పక్కన ఒట్టి నీళ్ళ ట్యూబు ఒకటి పెట్టమనేవారు. శాంపిల్‌లో వైరస్ ఉంటే చివర్లో జెల్ పలక మీద గీత మెరుస్తుంది. ఆ నీళ్ళలోనూ గీత కనిపిస్తే ఎక్కడో ఏదో అంటుకుందని, ఆ ఫలితాలేవీ చెల్లవని లెక్క.

ఓ రోజు ఐ.పోలవరం రైతొకాయన రొయ్య పిల్లల్ని పరీక్షకు తెచ్చేరు. తెల్లమచ్చ వైరస్ లేదంటేనే ఆ పిల్లల్ని అమ్మే హేచరీ నుంచి మిగతావి తెచ్చి చెరువులోకి దింపుకుంటారు. టెక్నీషియన్ గారు మధ్యాహ్నం గాని రారు. రైతు వరండా వైపు అద్దంలోంచి మాటిమాటికీ తొంగిచూస్తున్నారు. నాకూ కాలు నిలవలేదు. తొందరలో నీళ్ళ ట్యూబు మానేశాను. జెల్ మీద గీత మెరిసింది.

"వైరస్ ఉందండీ. దింపుకోకండి," అన్నాను.

మధ్యాహ్నం ఆవిడ జెల్ ఫొటో చూసి, "నీళ్ళ ట్యూబేదీ?" అన్నారు.

"గీత అంత స్పష్టంగా ఉంటే ఎందుకని..."

"నమ్మేశావన్నమాట. బొట్టు పెట్టిన నేనే నమ్మను బాబూ, నీళ్ళు చూసేదాకా."

వరండాలోకి పరిగెత్తాను. హేచరీకి వద్దని చెప్పడానికి మనసొప్పక రైతు ఇంకా అక్కడే ఉన్నారు.

"ఆగండి. నేను చెప్పింది తప్పు కావచ్చు."

"అంటే లేదాండీ?"

"తెలీదండీ."

"తెలీకుండా అంత గట్టిగా ఎలా చెప్పేరండీ?"

హేతువాద సభల్లో జ్యోతిష్కుల్ని నేను నిలదీసే ప్రశ్న అది.

"ఈసారి ఆవిడ చేత చేయించండి," అన్నారాయన.

ఆవిడ కొత్త ద్రావణాలు విప్పి ఆయన శాంపిల్, పక్కన నీళ్ళ ట్యూబు మళ్ళీ పెట్టేరు. నేను వాడిన పాత ద్రావణాలతో ఒట్టి నీళ్ళు కూడా పెట్టేరు. నేను ట్యూబుల మీద నంబర్లు రాస్తూ, జెల్ పెట్టె చుట్టూ తిరుగుతూ గడిపాను. సాయంత్రానికి నా పాత ద్రావణాల నీళ్ళలో గీత వచ్చింది. ఆవిడ నీళ్ళలోనూ, రైతు తెచ్చిన రొయ్య పిల్లల్లోనూ ఏమీ లేదు.

ఆయన రిపోర్టు ఆవిడ చేతి నుంచి తీసుకుని, నా వైపు చూడకుండా, హేచరీకి ఫోన్ చేసుకుంటూ మెట్లు దిగేరు.