ఆ మలుపు దాకా వస్తాను

భాస్కరం మాస్టారికి మనిషిని సాగనంపడం మొదలుపెట్టడమే తెలుసు, ఎక్కడ ఆపాలో తెలీదు. రామచంద్రపురంలో మర్యాద తెలిసినవాళ్లు ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మం దాకా సాగనంపుతారు. ఇంకాస్త మర్యాద ఉన్నవాళ్లు వీధి చివరిదాకా వెళ్తారు. మాస్టారు బస్టాండు దాకా వెళ్లి, చుట్టాన్ని బస్సెక్కించి, కిటికీ పట్టుకుని మాట్లాడుతూ, బస్సు కదిలితే తనూ ఎక్కేసేవారు.

ఒకసారి తోడల్లుణ్ణి సాగనంపబోయి లుంగీ మీద కాకినాడలో తేలారు. ఆయనేం చేస్తాడు పాపం, అన్నం పెట్టి, మళ్లీ బస్సెక్కించాడు.

"ఇంతకీ చుట్టపుచూపుగా వచ్చింది ఆయనా, మీరా?" అని భార్య లలితాంబ గారు తల బాదుకున్నారు.

"మాట మధ్యలో ఉందే. మాటని నడిరోడ్డు మీద వదిలేసి ఎలా వస్తాను?" అన్నారు మాస్టారు, ఏ తప్పూ చెయ్యనివాడిలా.

ఎదురింటి మణిశంకర్‌కి ఈ అలవాటంటే ఒళ్లు మంట. పొద్దున్నే బ్యాంకుకి బయల్దేరితే చాలు, మాస్టారు పక్కన తయారు. "ఆ మలుపు దాకా వస్తానండి" అంటారు. మణిశంకర్ వెళ్లి తన సీట్లో కూర్చునేదాకా ఆ మలుపు రాదు. ఆయన్ని తప్పించుకోవడానికి రెండుసార్లు దొడ్డిగుమ్మంలోంచి కూడా పారిపోయాడు. మాస్టారు రెండుసార్లూ దొడ్డివైపే ఎదురయ్యారు.

అసలు మణిశంకర్ బాధ వేరే ఉంది. మారేడుమిల్లి అవతల ఏటా ఒక కొండపరుగు పెడతారు. ఘాట్ రోడ్డు మీద పాతిక కిలోమీటర్లు, అయిదు గంటల్లో పైకి చేరాలి. పోయినేడు, అంటే రెండువేల మూడులో, మణిశంకర్ పదిహేడో కిలోమీటరు దగ్గర పిట్టగోడ మీద కూలబడి, ఆగిపోయినవాళ్ల కోసం వెనకాల వచ్చే జీపెక్కి దిగిపోయాడు. అప్పట్నుంచి బ్యాంకులో అందరికీ ఆయన 'జీపు గారు'. అదైనా సహించాడు గానీ, ఎనిమిదేళ్ల కూతురు వర్షిణి "నాన్నా, జీపుల్లో నీదే ఫస్టా?" అని అమాయకంగా అడిగిన రోజున మాత్రం అన్నం సహించలేదు. ఈసారి తన కాళ్లతో గీత దాటాల్సిందే. దాటకపోతే ఇంట్లో ఆ పిల్ల మొహం చూడలేడు.

కానీ సాధన చేద్దామంటే మన వైపు ఎత్తేదీ? కొబ్బరిచెట్టు ఉంది, దాని మీద పరిగెత్తలేం. చివరికి కాలవగట్టు ఎంచుకుని, రోజుకి అరవైసార్లు ఎక్కి అరవైసార్లు దిగాడు. దారిన పోయేవాళ్లు ఆగి "ఏం పడిపోయిందండీ?" అని గట్టంతా తామూ వెతికారు.

పరుగుకి ముందురోజు, శనివారం, స్నేహితుడు హర్ష, చేపల చెరువులున్న రాజుల కుర్రాడు, సుమో తీసుకొచ్చాడు. వీధి చివర మాస్టారు చెయ్యెత్తారు.

"ద్వారపూడి దాకా వస్తానండి."

ద్వారపూడిలో "రాజమండ్రి దాకా" అన్నారు. రాజమండ్రిలో "గోకవరం ఎంత దూరం లెండి" అన్నారు. చీకటి పడేసరికి ముగ్గురూ మారేడుమిల్లిలో ఉన్నారు. మణిశంకర్ పళ్లు నూరుకుంటే హర్ష పడీపడీ నవ్వాడు.

తెల్లారి మంచు విడిపోయి కొండలు బయటపడ్డాయి. ఒకదాని భుజాల మీద ఇంకొకటి, ఆకాశం అంచు దాకా. మాస్టారు తలెత్తి చూసి, చూసి, "అమ్మ బాబోయ్! భూమి ఇలా నిలబడి కూడా ఉంటుందాండీ!" అన్నారు.

ఆరింటికి విజిల్ పడింది. "ఇక ఉండండి మాస్టారూ, వెళ్లొస్తాను."

"ఆ మలుపు దాకా వస్తానండి."

ఘాట్ రోడ్డులో మలుపులకేం కొదవ? పంచె ఎగ్గట్టి, హవాయి చెప్పులు టపటపలాడిస్తూ, యాభై ఎనిమిదేళ్ల మనిషి పక్కనే వచ్చేస్తున్నారు. మంచినీళ్ల బల్ల దగ్గర కూర్చున్న రత్నమాణిక్యం అనే ఆవిడ పుస్తకం తెరిచింది.

"మీ నంబరెంతండీ?"

"నాకు నంబరెందుకమ్మా, నేను పోటీలో లేను. ఈయన్ని సాగనంపుతున్నాను."

ఆవిడ పుస్తకం మూసేసి, ఇద్దరికీ చెరో గ్లాసు నీళ్లు అందించింది.

పదిహేడో కిలోమీటరు. అదే పిట్టగోడ. మణిశంకర్ కాళ్లు తమంతట తామే కూర్చున్నాయి. వెనకాలే జీపొచ్చి ఆగింది. "ఎక్కుతారాండీ?" అన్నాడు డ్రైవరు. మణిశంకర్ కాలు లేచింది కూడా.

"ఉండండుండండి. డెబ్భయ్యెనిమిదిలో మా బడికొచ్చిన ఇన్‌స్పెక్టరు గారిని నేను పడవల రేవు దాకా సాగనంపిన సంగతి చెప్పలేదు కదూ? ఆ మలుపు దాకా నడిస్తే అయిపోతుంది. అప్పుడెక్కుదురుగాని."

చావబోయేవాడికి ఈ కథొకటా అని ఏడుపొచ్చింది మణిశంకర్‌కి. అయినా లేచాడు. మలుపొచ్చింది.

"ఇన్‌స్పెక్టరు గారు పడవెక్కారాండీ?"

"ఎక్కడండీ, ఇంకా చెప్పులేసుకుంటున్నారు."

ఇంకో మలుపు. ఇన్‌స్పెక్టరు గారి చెప్పు తెగింది. ఇంకో మలుపు. చెప్పులు కుట్టేవాడు సంతకెళ్లాడు. ఇరవై మూడో కిలోమీటరు దగ్గర మణిశంకర్ "ఆ మహానుభావుణ్ణి ముందు బడి గుమ్మం దాటించండి మాస్టారూ!" అని కొండ మారుమోగేలా అరిచాడు. ఆ కోపంలో ఇంకో కిలోమీటరు ఎక్కేశాడు.

ఆఖరి మలుపు తిరిగితే గీత కనబడింది. రెండొందల గజాలుంటుంది. పది అడుగులు వేశాక పక్కన టపటప వినబడలేదు. వెనక్కి చూస్తే మాస్టారు ఒక రాయి మీద కూర్చుని ఉన్నారు.

"ఆగారేంటండీ! రండి!"

"మీరెళ్లి రండి. నేను పక్కనుంటే నేనే మోసుకొచ్చానంటారు మీ బ్యాంకువాళ్లు. పాపాయికి 'నేనొక్కణ్ణే దాటాను' అని మీరు చెప్పుకోవాలి."

"మరి ఇన్‌స్పెక్టరు గారు?"

"మా బడికి ఏ ఇన్‌స్పెక్టరూ రాలేదండీ. వెళ్లండి, ఎనిమిది నిమిషాలే ఉంది!"

మణిశంకర్ పగలబడి నవ్వుతూ పరిగెత్తాడు, నవ్వుతూనే గీత దాటాడు. ముందే సుమోలో పైకొచ్చిన హర్ష కావిలించుకుని నీళ్లు పట్టాడు.

"మాస్టారు ఇంత ఎలా ఎక్కారయ్యా?" అన్నాడు మణిశంకర్ రొప్పుతూ.

"చెప్పొద్దన్నారండి. నెల్రోజుల్నుంచి రోజూ తెల్లారకుండా ద్రాక్షారామం దాకా పరిగెత్తి వస్తున్నారు. ఈయన ఇంత పొద్దున్నే ఎవర్ని సాగనంపుతున్నారా అని లలితాంబ గారు నన్నే అడిగారు."

ఒక్క అడుగు కూడా వెయ్యలేననుకున్న మణిశంకర్ వెనక్కి తిరిగి, వాలులో పడుతూ లేస్తూ ఆ రాయి దగ్గరికి దిగాడు. దొడ్డిగుమ్మం గుర్తొచ్చి సిగ్గేసింది. మాస్టారి అరికాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆయన వాటిని చూసుకోవడం లేదు. కింద లోయలో, దారప్పోగులా మెలికలు తిరిగిన రోడ్డునే చూస్తున్నారు.

"అదంతా ఎక్కింది మనమేనంటారా?" అన్నారు మాస్టారు, కళ్లు విప్పార్చుకుని.

మణిశంకర్ ఆయన పక్కనే రాయి మీద ఇరుక్కుని కూర్చున్నాడు.

"మనమేనండి" అన్నాడు.