ముప్పై ఒక్క బొటనవేళ్లు

సాతంరాయిలో రుక్కమ్మను ఏమైనా అడగవచ్చు గానీ బొటనవేలు మాత్రం అడగకూడదు. పాలకూర కట్ట అడిగితే ఇస్తుంది, బోరు నీళ్లు అడిగితే ఇస్తుంది, మనసు బాగుంటే పక్కింటి అత్తాకోడళ్ల తగాదాలో తీర్పు కూడా ఇస్తుంది. వేలిముద్ర అన్న మాట చెవిన పడిందా, ఆమె కుడిచెయ్యి కొంగులోకి పోతుంది. నలభై ఎనిమిదేళ్ల వయసులో కూతురి ముందు పలక పట్టుకుని కూర్చుని తన పేరొక్కటి రాయడం నేర్చుకుంది. మిగతా అక్షరాలు కూడా నేర్పుతానంటే, నాకెందుకవి, సంతకానికి ఇది చాలు అంది. అంకెలు మాత్రం ముందే వచ్చు. బస్సు నంబర్లూ కాటా మీది తూకాలూ ఆమెకు ఇంకొకరు చదివి చెప్పనక్కర లేదు.

ఇంత పంతం ఊరికే రాలేదు. విమానాశ్రయం వస్తోందని తెలిసిన రోజుల్లో శంషాబాదు చుట్టుపక్కల కాగితం పట్టుకుని తిరగని మనిషి లేడు. రుక్కమ్మ భర్త రాజయ్య మంచివాడు, అంటే ఎదుటివాడు ఏం చెప్పినా తల ఊపేవాడు. మల్లేశ్వర్ అనే బ్రోకరు ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, రుక్కమ్మ చేతి చాయే తాగి, అరెకరం బేరమని చెప్పి రాజయ్య చేత కాగితం మీద వేలు పెట్టించుకున్నాడు. తీరా చూస్తే అందులో రాసింది మూడెకరాలు. ఆ తర్వాత రాజయ్య ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. మొదటి విమానం ఎగిరిన మరుసటి ఏడు ఆయన దిగులుతోనే పోయాడు. మిగిలింది ఎకరం పది గుంటలు. అందులో పాలకూర, మెంతికూర, గంగవాయిలి కూర వేసి, తెల్లారగానే ఆటోలో శంషాబాదు మార్కెట్టుకు తీసుకెళ్లి అమ్మి, రుక్కమ్మ ఒక్కగానొక్క కూతురు పూర్ణిమను చదివిస్తోంది. ఆ చెలక పోతే ఇద్దరూ రోడ్డు మీద పడతారు. ఆ సంగతి ఆమె నిద్రలో కూడా మర్చిపోదు.

పూర్ణిమ చదువు కూడా ఒక వింత చదువే. ఇంటర్ అయ్యాక ఏదో ప్రవేశపరీక్ష రాసి, పట్నంలోని యూనివర్సిటీలో బొమ్మల కోర్సులో సీటు తెచ్చుకుంది. నాలుగేళ్లు బొమ్మలు వెయ్యడానికి యూనివర్సిటీ ఎందుకని ఊరంతా నోరు వెళ్లబెట్టింది. దుకాణాలకు బోర్డులు రాసేవాళ్లు ఏ యూనివర్సిటీకి పోయారని అడిగింది. రుక్కమ్మ ఊళ్లోవాళ్ల నోరు మూయించింది గానీ ఆమె కడుపులో మాత్రం అనుమానం తిష్ట వేసుకుని కూర్చుంది. మొదటి ఏడు, చెప్పాపెట్టకుండా కూరగాయల సంచీతో సహా ఆ యూనివర్సిటీకి వెళ్లి కిటికీలోంచి చూసింది. ఇరవైమంది ఆడా మగా పిల్లలు నేల మీద చతికిలబడి, మధ్యలో పెట్టిన ఒక విరిగిన కుర్చీని చూస్తూ గీస్తున్నారు. ఆమె ఒక గంట నిలబడింది. కుర్చీ మారలేదు, పిల్లలు లేవలేదు. మోసం ఇంత మెల్లగా జరగదులే అని సమాధానపడి ఇంటికి వచ్చేసింది.

అలా మూడేళ్లు గడిచాయి. ఆఖరి ఏడు, 2013 ఎండాకాలంలో, అసలు కథ మొదలయింది.

ముందు రుక్కమ్మ కంటబడింది మోటార్‌సైకిలు. శ్రావణ్‌కుమార్ అనే క్లాసు పిల్లవాడు మైలార్‌దేవ్‌పల్లి నుంచి దాని మీద వచ్చేవాడు, మెడలో కెమెరా. రెండుసార్లు ఇంటికి వచ్చి అమ్మా నమస్తే అన్నాడు. మూడోసారి ఇంటికి రాకుండా చెలక గట్టు మీద నిలబడి హద్దురాళ్లను ఫోటో తీస్తూ కనబడ్డాడు. హద్దురాళ్లతో వీడికేం పనని పూర్ణిమను నిలదీస్తే, చదువు పనేనమ్మా అని తేల్చేసింది. ఆ తర్వాత పూర్ణిమ ఫోను వస్తే లేచి బయటికి పోసాగింది. సాయంత్రాలు ఊళ్లోకి వెళ్లి ఆలస్యంగా వచ్చేది. ఎక్కడికి పోయావంటే శివమ్మత్త ఇంటికి అనేది, ఇంకోనాడు అమృతమ్మ పెద్దమ్మ ఇంటికి అనేది. ఈ పిల్ల ఎన్నడూ ఎవరి గడపా తొక్కింది కాదు. రుక్కమ్మకు అన్నం సయించలేదు.

అసలు దెబ్బ దుర్గవ్వ నోటి వెంట వచ్చింది. దుర్గవ్వ వరసకు మరదలు, ఇద్దరూ ఒకే ఆటోలో మార్కెట్టుకు పోతారు. ఆ పొద్దు ఆటో దిగుతూ మాటవరసకు అన్నట్టుగా అంది.

“నీ బిడ్డ నా ఏలు గూడ ఏయించుకపాయె వదినె. నీకు చెప్పొద్దన్నది. ఎందుకో ఏమో.”

ఆ రోజు మెంతికూర ఎవరికి ఎంత ఇచ్చిందో రుక్కమ్మకే తెలియదు. సగం కూర గంపలో ఉండగానే ఇంటికి వచ్చేసింది. పూర్ణిమ బస్సు పాసు కోసమని వెళ్లింది. రుక్కమ్మ తలుపు గడియ పెట్టి, కూతురి ట్రంకుపెట్టె తెరిచింది. రంగు సీసాలు, కుంచెలు, చెక్క చెక్కే ఉలులు అన్నీ తీసి పక్కన పెట్టింది. అడుగున గుండ్రంగా చుట్టిన దళసరి కాగితం ఉంది. విప్పితే మంచం పొడవు ఉంది.

దాని నిండా గళ్లు. ఒక్కో గడిలో ఒక్కో నల్లని వేలిముద్ర. కింద ఏదో పేరు, పేరు కింద అంకె. రెండు. ఒకటిన్నర. నాలుగు. రుక్కమ్మ ఒక్కొక్క గడి మీద వేలు పెట్టి లెక్కబెట్టింది. ముప్పై ముద్రలు. ముప్పై ఒకటో గడి ఖాళీగా ఉంది. దాని కింద రాసిన పేరును మాత్రం ఆమె చదవగలదు. లోకంలో ఆమె చదవగలిగింది ఆ ఒక్క పేరే. రుక్కమ్మ. దాని కింద అంకె మూడు.

కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు ఆమె మొహంలో. ఉన్నది ఎకరం పది గుంటలయితే మూడు అని ఎవడు రాయమన్నాడు? ఆనాడు కూడా అంతే కదా, నోటితో చెప్పింది ఒకటి, కాగితం మీద రాసింది మూడు! ఈసారి మల్లేశ్వర్ అరుగు మీదికి రాలేదు, కన్నకూతురినే పంపాడు అనుకుంది. పట్నంలో ఎవడో పిల్లకు మాయమాటలు చెప్పి, ఊరు మొత్తానికి గాలం వేశాడు అనుకుంది. ఇంత అనుకున్నాక ఇంకా ఆలోచించడానికి ఏముంది? కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, వాకిట్లో నీళ్లు కాగే పొయ్యిలో పెట్టింది. అది పూర్తిగా బూడిదయ్యేదాకా అక్కడే నిలబడింది. తర్వాత ఇల్లిల్లూ తిరిగి, నా బిడ్డ అడిగినా సరే, దేవుడే దిగివచ్చి అడిగినా సరే, ఎవరూ వేలు పెట్టవద్దని చెప్పింది. విన్నవాళ్లందరి మొహాలూ మాడిపోయాయి. వాళ్లందరివీ ఏదో ఒకనాడు వేలు పెట్టి పోగొట్టుకున్న భూములే.

మధ్యాహ్నం పూర్ణిమ వచ్చింది. ట్రంకుపెట్టె తెరిచి ఉండడం చూసింది, పొయ్యి వైపు చూసింది, తల్లి మొహం చూసింది. కాగితం ఏదని అడిగితే కాల్చానని రుక్కమ్మ గడపలో నిలబడి చెప్పింది. అరుస్తుంది, ఏడుస్తుంది అనుకుని అందుకు సిద్ధంగానే ఉంది. పూర్ణిమ అరవలేదు. గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

“మూడంటె బాపు భూమి అమ్మా. మనకు పోయిన మూడెకరాలు. ఎవరిది ఎంత పోయిందో గదే రాసిన. నీ ఏలు అడిగితె ఇయ్యవని తెలుసు, గందుకె నీ గడి ఖాళీగ ఉంచిన.”

తర్వాత కొంచెం కొంచెంగా అంతా చెప్పింది. ఇది నాలుగేళ్ల చదువుకు ఆఖరి బొమ్మ అట. విమానాశ్రయానికీ ప్లాట్లకూ పోయిన భూములను దున్నిన ఆడవాళ్ల వేళ్లు అచ్చు వేసి గోడకు పెడుతుందట, హద్దురాళ్ల ఫోటోలు తీయించింది కూడా దీనికేనట. తొమ్మిది రోజుల్లో పెద్ద సార్లు వచ్చి చూసి మార్కులు వేస్తారట, దాన్ని జ్యూరీ అంటారట. తల్లికి చెప్పవద్దని ఊళ్లో ఎందుకన్నావంటే, చెబితే నువ్వు చెయ్యనిస్తావా అని ఎదురు అడిగింది. రుక్కమ్మ అంతా విన్నది. విని, నమ్మలేదు. మల్లేశ్వర్ కూడా ఇలాగే నిదానంగా, కళ్లలోకి చూసి మాట్లాడాడు.

మర్నాడు కూతురి వెంట తానూ బస్సెక్కింది. అచ్చు బొమ్మల క్లాసు చెప్పే శివశంకర్ సారు కోస్తా మనిషి, గౌరవంగా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. రుక్కమ్మ కూర్చోలేదు. ఆయన నెమ్మదిగా, “అమ్మా, ఇవి ఎక్కడికీ వెళ్లవండీ. పది రోజులు గోడకు ఉంటాయి, తర్వాత మీ అమ్మాయే ఇంటికి తెచ్చేసుకుంటుంది” అన్నాడు.

“గోడకుంటె ఎవడన్న ఫోటో తీసుకపోడా సారూ?” అంది రుక్కమ్మ.

సారు ఆమెను లోపలికి తీసుకెళ్లి, తడి ఆరడానికి వేలాడదీసిన ఒక కాగితం చూపించాడు. తలుపంత పొడుగు ఉంది. పూర్ణిమ చెక్క మీద చెక్కి, సిరా పూసి ఒత్తిన ఒకే ఒక్క వేలిముద్ర. గీతలన్నీ దున్నిన చెలకలా వంపులు తిరిగి ఉన్నాయి, వాటికి అడ్డంగా తెల్లని చార ఉంది. ఆ చార రుక్కమ్మకు తెలుసు. వరికోతల్లో కొడవలి తగిలి దుర్గవ్వ వేలు చీలితే, తన కొంగు చింపి కట్టు కట్టింది ఆమే. ఈ పెద్ద ముద్ర చుట్టూ మిగతావి ఉండాలట, అవే పొయ్యిలో పోయాయట. ఆ మాట సారు చెప్పాడు గానీ ఎవరు కాల్చారన్నది అడగలేదు. రుక్కమ్మ సిగ్గుతో కుంగిపోయింది.

ఊళ్లో దిగగానే కాళ్లు కూడా కడుక్కోకుండా శివమ్మ ఇంటికి వెళ్లింది. నేనే పొరబడ్డాను, పిల్ల చదువు కోసం ఒక్కసారి వేలు పెట్టు అని అడిగింది. శివమ్మ కూరాకు తుంపుతూ తల ఎత్తలేదు, పని ఉంది తర్వాత చూద్దాం అంది. అమృతమ్మ ఆమెను చూస్తూనే కుడిచేతిని కొంగులో దాచుకుంది. అచ్చం రుక్కమ్మ దాచుకున్నట్టే. రెండు రోజుల్లో ఇరవై గడపలు ఎక్కి దిగింది. కొందరు నవ్వి పంపించారు, కొందరు తలుపే తీయలేదు. మొన్న వేలు పెట్టవద్దన్నావు, ఇవ్వాళ పెట్టమంటున్నావు, మధ్యలో పట్నం పోయి ఎవరిని కలిసివచ్చావు అని ఒకామె మొహం మీదనే అడిగింది. ఆఖరుకు దుర్గవ్వ దగ్గరికి వెళ్లింది. ముప్పై ఏళ్ల స్నేహం, ఈమె కాదనదు అనుకుంది.

దుర్గవ్వ ఆమెను ఎగాదిగా చూసింది.

“ఎంతకు మాట్లాడుకున్నవు వదినె?” అంది.

రుక్కమ్మకు కోపం రావాల్సింది, రాలేదు. దుర్గవ్వ స్థానంలో తానుంటే అదే మాట అనేది, ఇంకా గట్టిగా అనేది. వీళ్లందరికీ ఆ చూపు నేర్పింది తనే. ఇంటికి నడుస్తుంటే, రాజయ్య కాదు, మల్లేశ్వర్ కాదు, తానే ఈసారి కూతురిని ముంచానని ఆమెకు స్పష్టంగా తెలిసింది, ఆ బాధకు నడిరోడ్డు మీదే కళ్లనీళ్లు వచ్చాయి.

ఇంట్లో పూర్ణిమ కొత్త కాగితం పరిచి కూర్చుంది. మళ్లీ ముప్పై ఒక్క గళ్లు గీసింది. మళ్లీ పేర్లు, అంకెలు రాసింది. ముద్రలు మాత్రం లేవు. ఖాళీ గళ్లే గోడకు పెడతానంది. ఎందుకు ఖాళీగా ఉన్నాయో జ్యూరీలో నిలబడి చెబుతానంది, పాసు చేస్తే చేస్తారు, లేకపోతే లేదంది. తల్లిని ఒక్క మాట అనలేదు. వేలు పెట్టమని అడగనూ లేదు.

రుక్కమ్మ చేతులు కడుక్కుని వచ్చి కూతురి పక్కన కూర్చుంది. కాగితాన్ని తిరగేసి వెనక ఏమైనా రాసి ఉందా అని చూసింది. ఏమీ లేదు. సిమ్ కార్డు కొన్నప్పుడు, గుర్తింపు కార్డు జిరాక్సు మీద అది దేనికోసమో అడ్డంగా రాయించి ఇవ్వమని దుకాణం అతను చెప్పిన సంగతి గుర్తుకొచ్చింది. తన గడిలో కూడా అలాగే అడ్డంగా రాయమంది. ఇది బొమ్మకు మాత్రమే, వేరే దేనికీ చెల్లదు అని. పూర్ణిమ కలం పట్టుకుని ఆగిపోయింది. మొహంలో అలసట కనబడింది.

“నమ్మకం లేకుంటె వద్దులే అమ్మా. నిన్ను బలవంతపెడ్తలేను.”

“నమ్మి పెట్టింది మీ బాపు,” అంది రుక్కమ్మ. “నాకు ఇప్పటికి గూడ నమ్మకం లేదు బిడ్డా. ఆ సారు మీద లేదు, ఆ గోడ మీద లేదు. అయినా పెడుతున్న. నువ్వు నా బిడ్డవు గన్క పెడుతున్న.”

పూర్ణిమ ఆ వాక్యం రాసింది. అక్షరాలు వంకరపోయాయి. రుక్కమ్మ దాన్ని చదవలేదు గానీ, రాసింది అదేనా అని మూడుసార్లు అడిగింది. అవునంటే, కొంగులోంచి చెయ్యి తీసి సిరా పలక మీద బొటనవేలు ఆనించింది. పదేళ్లుగా ఏ కాగితం మీదా ముద్ర వేయని వేలు అది, గడిలో మరీ గట్టిగా ఒత్తింది. ముద్ర పక్కకు జారి నల్లగా అలుక్కుపోయింది.

పర్వాలేదు, ఇట్లా ఉన్నా బాగుందని పూర్ణిమ కళ్లు తుడుచుకుంటూ అంది. రుక్కమ్మ ఒప్పుకోలేదు.

“ఏం బాగుంది, మొత్తం చెరిగిపాయె. పక్కకు జరుగు, మల్ల పెడ్త” అని వేలు మళ్లీ సిరాలో అద్దింది.