బిళ్ల ఆపే పిల్ల

సింగపూర్‌లో స్వెట్టర్ వేసుకుని రైలెక్కితే అందరూ ఒకసారి చూస్తారు. మంకీ క్యాప్ కూడా పెట్టుకుని ఎక్కితే ఫోన్లు పక్కన పెట్టి మరీ చూస్తారు. ఆ శనివారం మధ్యాహ్నం బెడోక్‌లో మేమిద్దరం అలాగే ఎక్కాం. స్వెట్టర్ నాది. మంకీ క్యాపూ, దాని మీద శాలువా మా ఎదురింటి అక్కవి. ఊరెళ్లేటప్పుడు తప్ప పెట్టెలోంచి బయటికి రాని బట్టలు కావడంతో ఇద్దరం కలరా ఉండల వాసన కొడుతున్నాం. అక్కడికెళ్లాక వేసుకుందామంటే అక్క వినలేదు. "చేతిలో పట్టుకోవాకు, రైల్లో మర్చిపోతావు, నీ సంగతి నాకు తెల్దా?" అంది. జురాంగ్ ఈస్ట్ చేరేసరికి నా వీపు తడిసి ముద్దయింది.

మేం వెళ్తున్నది ఐస్ హాకీ చూడటానికి. కాలేజీల ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆ రోజు. అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసే ఆడతారు. అక్క కూతురు ఒక జట్టులో గోల్‌కీపర్. అక్కడి ఒక మాల్ పై అంతస్తులో ఐసు మైదానం ఉండేది. ఇప్పుడా మాల్ లేదు, కూల్చేశారు. నాకు ఆటలంటే పెద్దగా పడదు, చలంటే అసలే పడదు. అయినా వెళ్లానంటే అక్క ఒక్కతే వెళ్లడానికి భయపడింది కాబట్టి.

అక్క భయం చలి గురించి కాదు. అనంతపురంలో పుట్టి పెరిగిన మనిషికి ఐసంటే చెరుకురసంలో వేసే ముక్క. దాని మీద కత్తుల్లాంటి బూట్లేసుకుని పిల్లలు ఒకర్నొకరు గుద్దుకుంటారని ఆవిడకి తెలిసింది కూతురి మణికట్టు విరిగాకే. కట్టు విప్పిన రోజు నుంచి ఆ ఇంట్లో ఒకటే పాట. "ఇంక ఆపు." మా తలుపులు ఎదురెదురు, మధ్యలో సన్నటి కారిడార్, అంతే. పొద్దున నేను కాఫీ కలుపుకుంటుంటే "ఆపు" వినిపించేది, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి తాళం తీస్తుంటే "ఆపమంటే ఆపవా?" వినిపించేది. దానికి ఆ పిల్ల, "కెనాట్ లా, అమ్మా" అనేది. అమ్మ తెలుగులో అరిస్తే కూతురు ఇంగ్లీషులో సణిగేది. అయినా ప్రాక్టీసు నుంచి వచ్చాక ఆ పిల్ల ప్యాడ్లూ గ్లౌజులూ కారిడార్‌లో ఆరబెడితే, వాటి కంపు పోవడానికి అక్కే పక్కన అగరొత్తి వెలిగించేది. హాకీ సంచికి పూజ చేస్తోందని కింద ఫ్లోర్ వాళ్లు అనుకున్నారట.

నాకు ఆ పిల్ల తరఫున కోపం వచ్చేది. నచ్చిన ఆట ఆడుకోనివ్వచ్చుగా అని గొంతు దాకా వచ్చేది. కానీ చేతికి కట్టుతో జడ వేసుకోలేక ఆ పిల్ల ఏడుస్తుంటే, తల దువ్వుతూ అక్క కూడా ఏడవడం చూసినదాన్ని. అందుకని మా తలుపు వేసేసుకునేదాన్ని.

చివరికి పిల్లే ఒక ఒప్పందానికి వచ్చింది. "ఒక్కసారి వచ్చి చూడమ్మా. ఫైనల్ చూసిన తర్వాత కూడా నువ్వు ఆపమంటే ఆపేస్తా, ప్రామిస్." మంకీ క్యాప్ కింద అక్క ఆ మాటను భద్రంగా పట్టుకొచ్చిందని నాకు తెలుసు. ఆట చూడటానికి కాదు, ఆట అయ్యాక ఆపమని చెప్పడానికి వస్తోంది.

లోపల మా కోసం ఒక అంకుల్ ఎదురు చూస్తున్నాడు. మలేషియాలో పుట్టిన తెలుగాయన, హౌగాంగ్‌లో ఉంటాడు. మనవడు అదే జట్టులో ఆడతాడు కాబట్టి ఒక్క మ్యాచ్ కూడా వదలడు. మన బస్సు సీట్లో తువ్వాలు వేసినట్టు బెంచీ పొడుగునా టిష్యూ ప్యాకెట్లు పరిచి ఉంచాడు.

"వచ్చేసినారా? సీట్లు చోప్ చేసి పెట్టినాను. మకాన్ అయిందా, తిన్నారా?" అంటూ మా చేతుల్లో చెరో కర్రీ పఫ్ పెట్టాడు. అంత చలిలో దాన్ని తినాలని కాదు, పట్టుకుని కూర్చోవాలని అనిపించింది.

పిల్ల జట్టు గదిలోకి వెళ్తూ తన కళ్లజోడు పెట్టెలో పెట్టి అక్క చేతికిచ్చింది. తర్వాత ముసుగూ ప్యాడ్లూ వేసుకుని ఐసు మీదికి వస్తే కన్నతల్లికే గుర్తు తెలియలేదు. "ఆ బీరువా మాదిరుండేది నా కూతురేనా?" అని నన్ను గిల్లింది.

ఆట మొదలవగానే అక్క కళ్లు మూసుకుంది. కళ్లజోడు పెట్టెను రెండు చేతులా పట్టుకుని నన్ను వ్యాఖ్యాతను చేసింది. "బిళ్ల యాడుంది? మనవైపు వస్తాందా? పిల్ల పడిందా?" బంతికి బదులు వాడే ఆ నల్ల బిళ్ల నాకు మాత్రం కనిపిస్తేగా? అది ఎటు పోయిందో నేను వెతుక్కునేలోపు ఇంకెటో పోయేది. పిల్ల మాత్రం మాటిమాటికీ ధబీమని మోకాళ్ల మీద కూలబడటం కనిపించేది.

"పడింది" అన్నాను. "లేచింది. మళ్లీ పడింది."

"అన్నిసార్లు యాలబ్బా పడతాంది? కాలిరిగిందేమో చూడు!"

అంకుల్ నవ్వాడు. "పడలేదమ్మా. అది ఆపడం. అట్ల కింద కూర్చుంటేనే బిళ్ల ఆగేది. మీ పాప చాలా బాగా ఆపతాది, కళ్లు తెరిచి చూడండి."

అక్క ఒక కన్ను తెరిచింది. కాసేపటికి రెండోది కూడా. ఎర్ర చొక్కా కుర్రాడొకడు అందరినీ దాటుకుని నేరుగా పిల్ల మీదికి దూసుకొస్తున్నాడు. అక్క లేచి నిలబడింది. శాలువా జారిపోయింది. కారిడార్‌లో నాకు అలవాటైన గొంతే, కాకపోతే దానికి పదింతలు.

"ఆపు! ఆపు తల్లీ, ఆపు!"

పిల్ల ముసుగు ఒక్క క్షణం మా వైపు తిరిగినట్టనిపించింది. ఇక్కడికొచ్చి కూడా అదే మాటా అనుకుందేమో, పాపం! మరుక్షణం కూలబడి బిళ్లను కాలితో తోసేసింది.

మా వెనక కూర్చున్న కాలేజీ పిల్లలకి ఆ మాట తెగ నచ్చింది. "ఆంటీ, వాట్ ఈజ్ ఆపు?" అని అడిగారు. "స్టాప్ లా!" అన్నాడు అంకుల్. ఇక చూడండి. చైనీస్ పిల్లలూ మలయ్ పిల్లలూ బెంచీల మీద కాళ్లు దబదబా కొడుతూ "ఆ-పూ! ఆ-పూ!" అని అరవడం మొదలుపెట్టారు. నాకు నవ్వాగలేదు. అక్క మాత్రం నవ్వలేదు. "అందరూ నా మాటే అంటాండారే" అని మెల్లగా అని, వాళ్లతోపాటు తనూ అందుకుంది.

ఆట సమానంగా ముగిసింది. ఇక ఒక్కొక్కరే బిళ్ల తీసుకుని గోల్‌కీపర్ మీదికి రావాలట, మధ్యలో అడ్డం ఎవరూ ఉండరట. అంత పెద్ద తెల్లటి మైదానంలో పిల్ల ఒక్కతే నిలబడితే నాకే కళ్లు మూసుకోవాలనిపించింది. వరసగా వచ్చినవన్నీ ఆపింది. ఒకటి చేత్తో, అదీ విరిగిన చేత్తో. అవతల మనవాళ్లూ ఒక్క గోలూ వెయ్యలేకపోయారు. అక్కకి అరవడానికి గొంతు లేదు, గాలి మాత్రం వస్తోంది. ఆఖరిది పిల్ల కాళ్ల మధ్య నుంచి జారి లోపలికి వెళ్లిపోయింది.

ఎదుటి జట్టు ఎగిరి గంతులేసింది. పిల్ల ఐసు మీదే కూర్చుండిపోయింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అంకుల్ టిష్యూ ప్యాకెట్లు ఏరుకుంటున్నాడు, అందులో ఒకటి నాకిచ్చాడు.

అక్క మెట్లు దిగి ఆటగాళ్లు బయటికి వచ్చే తలుపు దగ్గరికి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. ఒప్పందం నాకు గుర్తుంది. ఇప్పుడే చెప్పొద్దక్కా, ఇంటికెళ్లాక చెప్దువులే అని చెయ్యి పట్టుకుని ఆపేద్దామనుకున్నాను. ఈలోపే పిల్ల వచ్చేసింది. ముసుగు పైకెత్తి ఉంది, జుట్టు చెంపలకి అతుక్కుపోయింది. ఎప్పుడూ ఇంగ్లీషులో మాట్లాడే పిల్ల తెలుగులో అంది.

"ఆపలేకపోయానమ్మా."

అక్క శాలువా కొంగుతో దాని మొహం తుడిచింది. కళ్లజోడు తీసి తనే పెట్టింది. అది కాస్త వంకరగా కూర్చుంటే సరిచేసింది. గొంతు పూర్తిగా పోయింది కాబట్టి దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది. పక్కనే ఉన్నాను కనక నాకూ వినిపించింది.

"పోనీలే. నువ్వు ఆపాకు తల్లీ."